పక్కవాద్యం

2005 ఆగస్టు 19, శుక్రవారం. శ్రావణ పౌర్ణమి. ఆఫీసు నుంచి నేరుగా, అమెరికాలో నాష్‌విల్ ఊరి శివార్లలోని బెల్‌వ్యూలో ఉన్న గణేశుడి గుడికి వెళ్లాను. దర్శనం చేసుకుని, పులిహోర పెట్టిన కాగితం గిన్నె పట్టుకుని బయటికొచ్చి, పార్కింగులో కారుకి ఆనుకుని తిన్నాను. ఎదురుగా చెట్ల మీదకి చందమామ పళ్లెమంత వచ్చి కూర్చున్నాడు. ఇంటి మీద బెంగగా ఉంది. కాలింగ్ కార్డులో ఇంకా పన్నెండు నిమిషాలుంటే తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారింది. నాన్న ఎత్తారు. "ఇక్కడ పౌర్ణమి నాన్నా" అన్నాను. "మాకు రాత్రే అయిపోయిందమ్మా, మీకిప్పుడా" అని నవ్వారు.

సరిగ్గా ఆ వేళకి, నేను నిలబడ్డ చోటికి కారులో ఇరవై నిమిషాల దూరంలో, నాష్‌విల్ డౌన్‌టౌన్‌లోని రైమన్ ఆడిటోరియంలో నీల్ యంగ్ అనే కెనడా గాయకుడు పాడుతున్నాడు. ముందు రోజు గురువారం కూడా పాడాడు. ఆ రెండు రాత్రుల్నీ జోనథన్ డెమ్మీ అనే దర్శకుడు కెమెరాల్లోకి ఎక్కిస్తున్నాడు. 'నీల్ యంగ్: హార్ట్ ఆఫ్ గోల్డ్' అన్న పేరుతో అది మరుసటి ఏడాది సినిమాగా వచ్చింది. ఊళ్లోనే ఉండి నేను వెళ్లలేదు. వెళ్లకపోవడం సంగతి అలా ఉంచండి, అసలు ఆ పేరే నాకు తెలియదు అప్పటికి. ఇన్నేళ్లయినా ఆ తేదీ గుర్తొస్తే గుండెల్లో కలుక్కుమంటుంది.

నేను నాష్‌విల్ వెళ్లింది 2004 చివర్లో, హాస్పిటల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మీద. ఆ ఊరిని మ్యూజిక్ సిటీ అంటారు. ఎయిర్‌పోర్టులో దిగగానే ఎవరో ఒకరు గిటారు వాయిస్తూ కనిపిస్తారు. నాకవేమీ పట్టేవి కావు. నా కారులో ఘంటసాల సీడీలు, నాన్న క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న పద్యాలు తప్ప మరేమీ ఉండేవి కావు. దేశం కాని దేశంలో అవే నాకు ఇల్లు.

ఆఫీసులో నా పక్క సీట్లో యాభై దాటిన ఒకావిడ కూర్చునేది. ఆ సోమవారం పొద్దున రాగానే కాఫీ కప్పు కూడా కింద పెట్టకుండా, తను వెళ్లొచ్చిన శుక్రవారం రాత్రి కచేరీ కబుర్లు మొదలుపెట్టింది. ఒక్కటే మాట పదేపదే చెప్పింది. వేదిక మీద పాడినవాటిలో సగం పాటలు ఇంకా ఎవరూ విననివేనట. ఆల్బమ్ నెల దాటాక గానీ బజారులోకి రాదట. అయినా హాలు హాలంతా ఊపిరి బిగబట్టి విన్నదట. నేను తలూపాను. ఆవిడ కళ్లు చెమర్చడం చూసి, ఎవరో గొప్ప పాటగాడే అయి ఉంటాడు అనుకుని నా పనిలో పడిపోయాను.

ఆర్నెల్లు గడిచాయి. 2006 ఫిబ్రవరిలో సినిమా విడుదలయింది. "నాతో రా, టికెట్ నాది" అంది ఆవిడ. చలి, బయట సన్నగా మంచు. మొహమాటానికి వెళ్లాను.

సినిమా మొదట్లో పాట ఉండదు. వాయిద్యగాళ్లు ఒక్కొక్కరూ కారులో వెళుతూ నాష్‌విల్ వీధుల మధ్య మాట్లాడతారు. రోజూ ఆఫీసుకి వెళ్లే రోడ్లు తెర మీద చూసి ఉలిక్కిపడ్డాను. వాళ్ల మాటల్లోంచే సంగతంతా తెలుస్తుంది. 2005 మార్చిలో నీల్ యంగ్‌కి మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బిందని డాక్టర్లు కనిపెట్టారు. ఎన్యురిజం అంటారు దాన్ని. చిట్లిందంటే మనిషి దక్కడం కష్టం. వైద్యానికి రోజు కుదిరేలోపు కొద్ది రోజుల వ్యవధి దొరికింది. ఆ రోజుల్లో ఆయన ఏం చేశాడంటే, నాష్‌విల్ వచ్చి స్టూడియోలో కూర్చుని, పాటలు కడుతూ, కట్టినవి కట్టినట్టే రికార్డు చేశాడు. తర్వాత న్యూయార్క్ వెళ్లి చికిత్స చేయించుకున్నాడు. తొడ దగ్గరి రక్తనాళం గుండా గొట్టం పంపి మెదడు దాకా వెళ్లి చేసే చికిత్స అది. అంతా బాగైందనుకుంటుండగా రెండు రోజులకే, వీధిలో నడుస్తుంటే, ఆ గాయం నుంచి రక్తం కారి పడిపోయాడు. లేచి, కోలుకుని, మళ్లీ నాష్‌విల్ వచ్చి మిగిలిన పాటలు పూర్తి చేశాడు. ఆ ఆల్బమ్ పేరు 'ప్రెయిరీ విండ్'. జూన్‌లో వాళ్ల నాన్న పోయాడు. ఆగస్టులో ఈ కచేరీ.

ఈ ఏడాది కథంతా వెనక పెట్టుకుని, వేదిక మీదికొచ్చాక జబ్బు గురించి ఆయన పెద్దగా మాట్లాడడు. టోపీ పెట్టుకుని, గిటారు తగిలించుకుని, మైకు ముందుకొచ్చి పాట అందుకుంటాడు. అంతే. అప్పటికి ఆయనకి 59 ఏళ్లు. గొంతు చూస్తే సన్నం, కాస్త వణుకు. మన చెవికి మొదట ఇదేం గొంతు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. నాలుగో పాటకల్లా ఆ వణుకు కోసమే ఎదురుచూడటం మొదలైంది.

ఆయన చేతిలో ఉన్న గిటారు కథ ఒకటుంది. అది 1941 నాటి మార్టిన్ డీ-28. ఒకప్పుడు హ్యాంక్ విలియమ్స్‌ది. హ్యాంక్ విలియమ్స్ అంటే, అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతంలో, మన స్థానం నరసింహారావు, బందా కనకలింగేశ్వరరావు గార్ల లాంటి పేరు అనుకోండి. 1949 జూన్‌లో ఇదే రైమన్ వేదిక మీద, గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో కచేరీలో మొదటిసారి పాడితే, జనం వదలకుండా ఆరుసార్లు మళ్లీ పాడించుకున్నారని చెప్పుకుంటారు. మన నాటకాల్లో 'వన్స్ మోర్' అంటారే, అది. 29 ఏళ్లకే, 1953 జనవరి 1న, కారు వెనక సీట్లో ప్రాణం పోయింది ఆయనకి. ఆ గిటారు చేతులు మారి నీల్ యంగ్ దగ్గరకొచ్చింది. అద్దాల బీరువాలో పెట్టలేదు ఆయన. ఊరూరా తిప్పాడు, దానితోనే కచేరీలు చేశాడు, మరో పెద్ద గాయకుడు బాబ్ డిలాన్‌కి కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చాడు. ఇప్పుడు దాన్ని మళ్లీ దాని పాత వేదిక మీదకి తెచ్చి, దాని మీదే కట్టిన పాట పాడుతున్నాడు. ఈ గిటారు నాది కాదు, కొన్నాళ్లు నా దగ్గరుంటుందంతే, అన్న అర్థంలో సాగుతుంది ఆ పాట. పక్కన ఎమ్మీలూ హ్యారిస్ అనే కంట్రీ గాయని గొంతు కలుపుతుంది. నెరిసిన జుట్టు, సన్నటి మనిషి. ఆవిడ గొంతు ఆయన గొంతు కింద చెయ్యి పెట్టి మోస్తున్నట్టు ఉంటుంది.

ఆ పాట వింటుంటే నాకు మా ఇంటి నడవాలో గోడ వారన ఉండే హార్మోనియం గుర్తొచ్చింది. అక్కడి నుంచి సినిమాని నేను మామూలుగా చూడలేకపోయాను.

నాన్న స్కూల్లో లెక్కల మాస్టారు. అది పగలు. రాత్రిళ్లు పద్యనాటకాలకి హార్మోనిస్టు. మా వైపు ఊళ్లలో తిరునాళ్లకి, శ్రీరామనవమి పందిళ్లకి, రాయబారం గానీ హరిశ్చంద్ర గానీ పెట్టారంటే నాన్నకి కబురొచ్చేది. చేత్తో తిత్తి ఊదే చిన్న పెట్టె కాదు, కాళ్లతో తొక్కే లెగ్ హార్మోనియం. రెండు చేతులూ మెట్ల మీద ఆడుతుంటే రెండు పాదాలూ కింద తొక్కుతూ ఉండాలి. దాన్ని ఎద్దుబండి మీద, తర్వాత రోజుల్లో ఆటో మీద ఎక్కించి తీసుకెళ్లేవారు. వేదికకి ఓ పక్కన, తెర మడత దగ్గర, లైటు పడని చోట కూర్చునేవారు. కృష్ణుడో అర్జునుడో పద్యం ఎత్తుకుని రాగం తీస్తూ ఎంత దూరం పోతే నాన్న అంత దూరం పోవాలి. నటుడు దారి తప్పితే మెల్లగా శ్రుతిలోకి లాక్కురావాలి. ఊపిరందక ఆగితే ఆ ఖాళీని తనే నింపాలి. జనం 'వన్స్ మోర్' అని కేకలేసేది మాత్రం నటుడికి. చదివింపుల చీటీలు మైకులో చదివేదీ నటుడి పేరు మీదే. నాన్న దానికి ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకున్నదంతా నేనే, చిన్నప్పటి నుంచీ.

ఒకసారి, నేను ఇంటర్ చదివే రోజుల్లో, పెద్ద నాటకం ఒకటి వీడియో తీయించారు. నాన్న కూడా అందులో పడతారని మా ఇంట్లో ఎంత సంబరపడ్డామో! పక్కింటివాళ్ల దగ్గర వీసీఆర్ అడిగి తెచ్చుకుని, అందరం చాప పరుచుకుని కూర్చున్నాం. మూడు గంటల క్యాసెట్. నాన్న లేరు. అంటే, పూర్తిగా లేకపోవడం కాదు. రెండో గంటలో ఒకచోట కెమెరా కర్ణుడి వెనక పక్కకి జరిగినప్పుడు, తెర అంచు కింద రెండు పాదాలు కనబడ్డాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి, తొక్కుతూ. ఎడమ కాలి బొటనవేలికి ఎప్పుడో రాయి తగిలి గోరు వంకరపోయింది. అది చూసి అమ్మ "అవి మీ నాన్న కాళ్లే" అంది. అంతే. నాలుగైదు సెకన్లు. ముప్పై ఏళ్ల పైన వాయించిన మనిషికి మిగిలిన చిత్రం అది.

ఇది చెప్పకపోతే, డెమ్మీ తీసిన సినిమా నాకెందుకంత లోపలికి దిగిందో చెప్పలేను.

ఆయన కెమెరా జనం వైపు దాదాపుగా తిరగదు. చప్పట్లు వినబడతాయి గానీ, కేరింతలు కొట్టే ముఖాలు చూపించి మనల్ని సంతోషపడమని చెప్పడు. పాట మధ్యలో ఎడాపెడా కోయడు. ఒక ముఖం మీద ఆగితే, మనం ఆ ముఖాన్ని చదివేదాకా ఆగుతాడు. ఎక్కువగా ఆగేది ఎవరి మీదో తెలుసా? నీల్ యంగ్ మీద సరే. ఆ తర్వాత పక్కవాద్యాల వాళ్ల మీద. కీబోర్డు మీద వంగిన స్పూనర్ ఓల్డ్‌హామ్, బేస్ గిటారు రిక్ రోసాస్, మెంఫిస్ నుంచి వచ్చిన ట్రంపెట్ వెయిన్ జాక్సన్, వెనక వరసలో గొంతు కలిపే పెగీ యంగ్. పెగీ అప్పటికి ఆయన భార్య. ఒక పాటకి ఫిస్క్ యూనివర్సిటీ జూబిలీ సింగర్స్ వస్తారు. 1871లో, బానిసత్వం నుంచి బయటపడి ఆరేళ్లయినా కాని రోజుల్లో, తమ కాలేజీని నిలబెట్టడానికి ఊరూరా పాడుతూ డబ్బు పోగుచేసిన బృందానికి వారసులు వాళ్లు. వాళ్లు నిలబడి నోరు తెరిస్తే థియేటర్ నేల కదిలినట్టయింది.

ఇక బెన్ కీత్. పెడల్ స్టీల్ వాయించే పెద్దాయన. చూడటానికి చిన్న బల్లలా ఉంటుంది ఆ వాయిద్యం, బల్ల మీద తీగెలు పరిచి ఉంటాయి. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ ఒకటి పట్టుకుని తీగెల మీద జారుస్తారు. కుడి చేతి వేళ్లకి తొడుగులు పెట్టుకుని మీటుతారు. కింద కాళ్లతో పెడల్స్ తొక్కుతూ, మోకాళ్లతో మీటలు నెడుతూ తీగెల బిగువు మారుస్తారు. స్వరం ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతదు, జారుతుంది. మన గోటువాద్యం విన్నవాళ్లకి ఆ జారుడు పరాయిగా అనిపించదు. పాటకీ పాటకీ మధ్య ఖాళీలో సన్నగా ఏడుపులాంటి ధ్వని ఒకటి వస్తుంది కదా కంట్రీ పాటల్లో, అది దీనిదే.

బెన్ కీత్ నీల్ యంగ్‌ని కలిసింది ఇదే ఊళ్లో, 1971లో. జానీ క్యాష్ అనే కంట్రీ గాయకుడి టీవీ షోలో పాడటానికి నీల్ యంగ్ నాష్‌విల్ వచ్చాడు. ఆ షో తీసేది కూడా రైమన్‌లోనే! వచ్చినవాడు వచ్చినట్టే ఒక స్టూడియోలో దూరి పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. అప్పుడాయనకి వెన్నునొప్పి, నడుముకి పట్టీ. బరువైన ఎలక్ట్రిక్ గిటారు మోయలేక కూర్చుని మామూలు గిటారు వాయించాడు. కబురందుకుని వచ్చిన బెన్ కీత్ తన వాయిద్యం బిగించుకుని వాయించేశాడు. వరసగా కొన్ని పాటలు అయ్యాక గానీ ఒకరి పేరు ఒకరు చెప్పుకోలేదట. అలా పుట్టిన 'హార్వెస్ట్' ఆల్బమ్ 1972లో వచ్చింది. అందులోని 'హార్ట్ ఆఫ్ గోల్డ్' అమెరికాలో నంబర్ వన్ అయింది. అప్పుడు పరిచయమైన బెన్ కీత్ పోయేదాకా, దాదాపు నలభై ఏళ్లు, నీల్ యంగ్ పక్కనే వాయించాడు. పాట ముందా పేరు ముందా అంటే, పాటే ముందు. నాన్న కూడా కొత్త నటుణ్ణి "శ్రుతి ఎంత బాబూ?" అనే అడిగేవారు మొదట. పేరు తర్వాత.

సినిమా రెండో సగం పాత పాటలు. నాకు అవి కూడా కొత్తవే. పక్కన కూర్చున్న ఆవిడకి మాత్రం ఒక్కొక్క పాటా ఒక్కొక్క వయసు. 'ఓల్డ్ మ్యాన్' పాడే ముందు నీల్ యంగ్ ఒక కథ చెబుతాడు. కుర్రతనంలో డబ్బులొచ్చి కాలిఫోర్నియా కొండల్లో పెద్ద రాంచ్ కొన్నాడు. దాన్ని చూసుకునే లూయీ అనే పెద్దాయన జీపులో ఎక్కించుకుని తిప్పుతూ, నీలాంటి కుర్రాడికి ఇంత ఆస్తి ఎలా వచ్చిందయ్యా అని అడిగాడు. అదృష్టమే అన్నాడు ఇతను. ఆ పెద్దాయన మీద కట్టిన పాట అది. పాతికేళ్లవాడు ముసలాయన్ని చూసి, నేనూ నీలాగే ఉన్నాను సుమా అనుకునే పాటని అరవై దగ్గరపడ్డ మనిషి పాడుతున్నాడు. మా ఆఫీసావిడ (అలాగే పిలుచుకుంటాను ఇప్పటికీ) చీకట్లో నా చెయ్యి పట్టుకుంది.

'హార్వెస్ట్ మూన్' పాటకి తాళం వేసేది ఏమిటో చెప్తే నమ్మరు. చీపురు! లారీ క్రాగ్ అనే ఆయన, మామూలుగా నీల్ యంగ్ గిటార్లు సరిచేసి పెట్టే మనిషి, వేదిక మీద నిలబడి పొడుగు చీపురుతో నేల ఊడుస్తాడు. ష్... ష్... అని, లయ తప్పకుండా. నవ్వులాటకి కాదు, ఎంతో శ్రద్ధగా, మృదంగం ముందు కూర్చున్నవాడిలా. మైకు ఆ చప్పుడుని పట్టుకుంటుంది. తెల్లవారుజామున అమ్మ వాకిలి ఊడుస్తుంటే నిద్రలో వినపడే చప్పుడు అది. నాటకం నుంచి అప్పుడే వచ్చిన నాన్న అరుగు మీద కూర్చుని, ఆ చీపురు చప్పుడుకి వేళ్లతో తాళం వేసేవారు. హార్వెస్ట్ మూన్ అంటే కోతల కాలంలో వచ్చే పౌర్ణమి. భార్యాభర్తలు వెన్నెల్లో నాట్యం చేయడం గురించి పాట. అక్కడ, ఆ చీపురు దగ్గర, ఏడ్చేశాను. ఆ శుక్రవారం గుడి పార్కింగులో నేను చూసిన చందమామ రైమన్ పైకప్పు మీద కూడా ఉన్నాడు కదా.

కెనడా మైదానాల గాలి మీద, వాళ్ల నాన్న మీద ఉన్న పాట గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన తండ్రి స్కాట్ యంగ్ పేరున్న క్రీడా విలేకరి, రచయిత. చివరి రోజుల్లో జ్ఞాపకశక్తి పోయింది. కొడుక్కి మొదటి వాయిద్యం, చిన్న గిటారులాంటి ఉకులేలే, కొనిచ్చింది ఆయనే. అదే కొడుకు అయిదారేళ్ల వయసులో పోలియో వచ్చి బతికి బయటపడ్డాడు. నాన్న ఏం చెప్పేవాడో మర్చిపోకముందే గుర్తు తెచ్చుకోవాలన్న తాపత్రయం ఆ పాటంతా ఉంటుంది. తండ్రి పోయి రెండు నెలలే అయింది. గొంతు ఎక్కడా బొంగురుపోనివ్వడు. ఎలా పాడగలిగాడో.

ఆ తర్వాత వారమే రైమన్ చూడటానికి వెళ్లాను. పగటి పూట టికెట్ కొంటే లోపల తిరగనిస్తారు. ఎర్ర ఇటుక, చర్చి కిటికీలు. నిజంగా చర్చిగానే కట్టారు దాన్ని. టామ్ రైమన్ అనే పడవల కెప్టెన్, ఒక మత ప్రచారకుడి ఉపన్యాసం విని మనసు మారి, ఊరందరికీ ప్రార్థనా మందిరం కట్టాలని పట్టుబట్టాడు. 1892కి పూర్తయింది. ఇప్పటికీ విడివిడి కుర్చీలుండవు, ఓక్ చెక్క బల్లలే. 1943 నుంచి 1974 దాకా ఆప్రీ అక్కడ నడిచింది. ఏసీ లేక జనం విసనకర్రలతో విసురుకుంటూ వినేవారట. ఆప్రీ కొత్త హాలుకి మారిపోయాక ఇది పాడుబడింది, పడగొట్టేద్దామన్నారు కూడా. 1991లో ఎమ్మీలూ హ్యారిస్ పట్టుబట్టి అక్కడే కచేరీ చేసి రికార్డు చేసింది. కూలుతుందేమోనన్న భయంతో బాల్కనీ మీదా దాని కిందా ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ రికార్డుతో ఊరివాళ్లకి మళ్లీ ఆ హాలు మీద మనసు పోయింది. 1994లో బాగుచేసి తెరిచారు. సినిమాలో నీల్ యంగ్ పక్కన నెరిసిన జుట్టుతో నిలబడి ఉన్నది ఆవిడే. ఆవిడ లేకపోతే ఆ వేదికే ఉండేది కాదేమో.

నేను బల్ల మీద చివరన కూర్చుని వేదికకి ఎడమ పక్కన ఉన్న ఖాళీ చోటు చూస్తూ ఉండిపోయాను. హార్మోనియం పెట్టేటంత చోటు.

డీవీడీ రాగానే కొన్నాను. తెనాలి తీసుకెళ్లడానికి మాత్రం ఏళ్లు పట్టింది. సెలవులకి వెళ్లిన ప్రతిసారీ పెళ్లిళ్లు, పేరంటాలు, హాస్పిటళ్లు. 2012 డిసెంబరులో కుదిరింది. అప్పటికి నాన్న నాటకాలు మానేసి చాన్నాళ్లయింది. మోకాళ్లు అరిగాయి. హార్మోనియం నడవాలోనే ఉంది, పైన దుప్పటి కప్పి. రెండు మెట్లు నొక్కితే లేవడం లేదు. బాగుచేయిద్దాం నాన్నా అంటే, "వాయించేవాడి కాళ్లు బాగుచేసేవాడుంటే చూడు ముందు" అన్నారు.

రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్‌ని టీవీకి తగిలించాను. నాన్న మంచం మీద, కాళ్లు కిందకి వేలాడేసుకుని కూర్చున్నారు. ఇంగ్లీషు పాటలు ఆయనకి అలవాటు లేదు. మాటలు నేను మధ్యమధ్యలో చెబుతూ వచ్చాను. పది నిమిషాలకి "నువ్వు చెప్పకమ్మా, నేను వింటున్నాగా" అన్నారు.

ఆయన చూసినవి నేను ఆరేడేళ్లుగా చూడనివి. "పాడేవాడు మధ్యలో గుక్క తిప్పుకోవడానికి ఆగాడు చూడు, ఆ అమ్మాయి ఆగలేదు. ఆగుంటే చిల్లు పడేది" అన్నారు ఎమ్మీలూ హ్యారిస్‌ని చూసి. చీపురు దగ్గర ముందుకి వంగి, "ఓరి నీ! లయ ఉన్నవాడికి చీపురైతేనేం" అన్నారు. హ్యాంక్ విలియమ్స్ గిటారు కథ చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దుప్పటి కప్పిన హార్మోనియం వైపోసారి చూశారు.

బెన్ కీత్ తెర మీదికి వచ్చాడు. కెమెరా మెల్లగా దగ్గరికెళ్లింది.

"వీడేమిటి, కాళ్లతో తొక్కుతున్నాడా?"

"అవును నాన్నా, పెడల్స్ ఉంటాయి."

"చేతులకేసి చూడట్లేదు చూడు. కళ్లన్నీ పాడేవాడి నోటి మీదే ఉన్నాయి." కాసేపాగి, "అంతేనమ్మా. పక్కన కూర్చున్నవాడి కళ్లు అక్కడే ఉండాలి" అన్నారు.

ఆఖరి భాగంలో వేదిక మీదున్నవాళ్లంతా గిటార్లు పట్టుకుని వరసగా నిలబడతారు. తర్వాత పేర్లు పడుతుండగా నీల్ యంగ్ ఒక్కడే, ఖాళీ బల్లల ముందు, ఎవరికీ కాకుండా ఒక పాత పాట వాయిస్తాడు. చప్పట్లుండవు. పాట కాగానే గిటారు సర్దుకుని వెళ్లిపోతాడు. నాన్న నవ్వారు. నాటకం అయిపోయి, రంగులు కడుక్కుని నటులందరూ వెళ్లిపోయాక, పెట్రోమాక్స్ వెలుగులో హార్మోనియానికి గుడ్డ చుట్టి, బండివాడి కోసం ఒక్కరే కూర్చునేవారట. అప్పుడు ఎవరూ లేరు కదా అని తనకిష్టమైన రాగం ఒకటి వాయించుకునేవారట. అది మాకెప్పుడూ చెప్పలేదు. అమ్మకి కూడా తెలియదు.

"ఆ కాళ్లతో తొక్కేవాడి పేరేమన్నావు?"

"బెన్ కీత్."

"ఉన్నాడా?"

"లేరు నాన్నా. పోయి రెండేళ్లయింది."

తల పంకించారు. ఇప్పుడైతే ఆ జాబితా ఇంకా పెరిగింది. రిక్ రోసాస్ 2014లో పోయాడు. 2016లో వెయిన్ జాక్సన్, అదే ఏడాది చలికాలంలో నాన్న. 2017లో డెమ్మీ. 2019 జనవరి 1న పెగీ. తెర మీద వాళ్లంతా ఆ ఆగస్టు రాత్రి కొత్త బట్టలు వేసుకుని వరసగా నిలబడే ఉంటారు. నాన్న వాళ్లలో లేరని నాకెప్పుడూ అనిపించదు.

ఆ రాత్రి నాన్న మళ్లీ పెట్టమన్నారు. మొత్తం కాదు, బెన్ కీత్ ఉన్న పాట. వెనక్కి తిప్పి పెట్టాను. అమ్మ లైటు తీసేసింది. టీవీ వెలుగు గచ్చు మీద నీలంగా పడుతోంది. పాట మొదలైంది, స్టీల్ తీగె జారింది. ఎందుకో తల తిప్పి మంచం వైపు చూశాను. నాన్న కళ్లు తెర మీదున్నాయి. వేలాడేసిన పాదాలు గచ్చుకి ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి, తొక్కుతున్నారు. ఎడమ బొటనవేలి మీద ఆ వంకర గోరు. పాట అయ్యేదాకా నేను టీవీ వైపు చూడలేదు.